రక్తం తక్కువ సరే, ఎటు పోతోంది?

జీడి ఫ్యాక్టరీల ఊళ్లైన పలాస, కాశీబుగ్గల్లో ఎక్కడ హెల్త్ క్యాంపు పెట్టినా ఆడవాళ్ల వరుస దగ్గర వినిపించే మాట ఒకటే. వేలు గుచ్చి, చుక్క తీసి, చేతిలో ఇమిడే మిషన్‌లో పెట్టి, "తొమ్మిది పాయింట్లే ఉందమ్మా, రక్తం తక్కువ. ఈ మాత్రలు వాడు" అని ఒక అట్ట ఇస్తారు. ఆవిడ తీసుకుంటుంది. నాలుగు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందని మానేస్తుంది. మళ్లీ క్యాంపు పెట్టినప్పుడు మళ్లీ అదే తొమ్మిది, మళ్లీ అదే అట్ట. "ఆడోళ్లకి రక్తం తక్కువ కాక మరేటుంటాది" అని వెనకున్న ఆవిడ నవ్వేస్తుంది కూడా.

అసలు చిక్కు ఆ నవ్వులోనే ఉంది. అందరికీ ఉంది కాబట్టి మామూలే అనుకుంటాం. అందరికీ ఒకే మాత్ర ఇస్తున్నారు కాబట్టి అందరిదీ ఒకే జబ్బు అనుకుంటాం. రెండూ తప్పే. రక్తం తక్కువన్నది జబ్బు పేరు కాదు, లోపల ఏదో జరుగుతోందని చెప్పే లక్షణం. ఆ జరిగేది చాలామందిలో ఇనుము లోపమే. కానీ శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కన, అది ఇంకేదైనా అయ్యే అవకాశం తక్కువేమీ కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు విడతలో (2015-16) మన రాష్ట్రానిది 60 శాతం. ఇన్ని పథకాల తర్వాత తగ్గింది అంతే. ఈ లెక్కల మీద నిపుణుల్లో ఒక తగువుంది. వేలు గుచ్చి తీసిన చుక్కలో ఫలితం నిలకడగా రాదని, వేలిని గట్టిగా పిండితే చుట్టుపక్కల నీరు కూడా కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుందని ఒక పక్షం వాదన. నరం నుంచి రక్తం తీసి చూస్తే శాతం తగ్గుతుందంటారు. ఆరో విడతలో ఆ పరీక్షను పక్కన పెట్టి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసే వేరే సర్వేకు అప్పగించారు. తగువు సబబైనదే. కానీ 58 కాస్తా 45 అని తేలినా, జీడిపప్పు ఒలిచే బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఇద్దరిలో దాదాపు ఒకరి సంగతి అది.

అంకె చెప్పేది ఆఖరి మాట

పాయింట్లు అని మనం అనేది వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందనే లెక్క. గర్భిణి కాని ఆడమనిషికి 12, గర్భిణికి 11, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గర్భిణి కానివాళ్లలో 8 నుంచి 10.9 వరకు మధ్యస్థం, 8 కంటే తక్కువైతే తీవ్రం.

ఇనుము లోపం ఈ అంకెలో కనబడేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. ఒంట్లో ఇనుముకు ఒక నిల్వ ఉంది, కాలేయంలోనూ ఎముక మూలుగలోనూ. గాదెలో గింజలు అడుగంటుతున్నా పొయ్యి మీద కుండ కొన్నాళ్లు ఉడుకుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. మొదట గాదె ఖాళీ అవుతుంది. దాన్ని పట్టించేది ఫెరిటిన్ అనే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తగ్గితే నిల్వ అయిపోయినట్టే. ఆ తర్వాత మూలుగకు ముడిసరుకు చాలక కణాలు చిన్నవిగా, పాలిపోయినవిగా తయారవుతాయి. హిమోగ్లోబిన్ పడిపోవడం అన్నిటికన్నా చివర. అంటే క్యాంపులో 12.2 వచ్చి "నీకేం లేదమ్మా" అనిపించుకున్న మనిషికి గాదె ఖాళీ అయి ఉండొచ్చు. ఇనుము పని రక్తంలోనే కాదు. కండరాల్లో, మెదడులో శక్తిని తయారు చేసే ఎంజైములకు కూడా అది కావాలి. అందుకే రక్తహీనత అనే గీత దాటకముందే నీరసం, మతిమరుపు, జుట్టు ఊడటం, రాత్రిళ్లు కాళ్లు లాగడం మొదలవుతాయి.

ఇంకో గుర్తు ఉంది, అడిగితేగానీ ఎవరూ చెప్పరు. పచ్చి బియ్యం బొక్కడం, బలపాలు నమలడం, మట్టి వాసనకు నోరూరడం, అదే పనిగా ఐసు కొరకడం. అత్తగారు చూస్తే తిడుతుందని దాచుకుని తినేవాళ్లున్నారు. ఇది చెడ్డ అలవాటని తిట్టి మాన్పించాల్సిన సంగతి కాదు. ఇనుము లోపానికి ఇంత తేలిగ్గా, పైసా ఖర్చు లేకుండా దొరికే సూచన మరొకటి లేదు. ఇనుము అందితే ఆ యావ చాలామందిలో దానంతటదే పోతుంది.

జీడి ఫ్యాక్టరీల దగ్గర ఒక చిత్రమైన ఇబ్బంది. రక్తం తక్కువుందా అని చూడటానికి ఎవరైనా మొదట అరచెయ్యి, గోళ్లు చూస్తారు. పిక్కలు కొట్టే మనిషి చేతులు చూడండి. కాలితో తొక్కుతూ కత్తి కింద ఒక్కో పిక్కా పెట్టి చీలుస్తుంటే జీడి నూనె వేళ్లకు అంటి, చర్మం కాలి, గోళ్ల చుట్టూ నల్లగా పట్టేసి ఉంటుంది. ఆముదం రాసుకున్నా, బూడిద రుద్దుకున్నా పూర్తిగా పోదు. ఆ చేతిలో పాలిపోవడం ఏం కనిపిస్తుంది? అక్కడ చూడాల్సింది కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక.

జీడి పని చూసేవాళ్లకు కూర్చుని చేసే తేలిక పనిలా ఉంటుంది. పిక్క కొట్టడం, పప్పు మీద ఎర్ర పొర తీయడం, గుండు బద్ద ముక్క అని వేరు చేయడం, అన్నీ కూర్చునే. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూపు, వేళ్లు నిలకడగా ఉండాలి. పప్పు విరిగితే సరుకు రేటు పడిపోతుంది. చాలా చోట్ల కూలి కిలోల లెక్కన. ఒంట్లో సత్తువ తగ్గితే ఆ రోజు తూకంలో కనబడుతుంది, వారం చివర చేతికొచ్చే డబ్బులో కనబడుతుంది. నిజానికి దీన్ని కొలిచి చూశారు కూడా. ఇనుము లోపమున్న బీజింగ్ నూలు మిల్లు ఆడ కార్మికుల మీద జరిగిన ఒక అధ్యయనం 1994లో అచ్చయింది. 12 వారాలు ఐరన్ మాత్రలు వాడాక పనిలో గుండె కొట్టుకునే వేగం తగ్గింది, ఖర్చయ్యే శక్తికి దక్కే పని 17 శాతం పెరిగింది. నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జూట్ మిల్లుల్లో పనిచేసిన వాళ్లకు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టుల్లో నిలబడి ప్యాకింగ్ చేసేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి కళ్ల ముందు చీకట్లు కమ్మడం వాళ్లకు తెలిసిందే.

వచ్చేదెంత, పోయేదెంత

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లోంచి రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఇనుము పోతుంది, చర్మం నుంచి, పేగుల నుంచి. నెలసరి వచ్చే ఆడమనిషికి ఇంకొంత. ఒక మిల్లీలీటరు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుందనుకుంటే, మామూలు నెలసరిలో 30-40 మిల్లీలీటర్లకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు పోయినట్టు. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ స్రావం అంటారు. అప్పుడు ఈ లెక్క రెట్టింపవుతుంది. ఒక్కో కాన్పుకు తల్లి ఒంటికి మొత్తం మీద ఒక గ్రాము దాకా అదనపు ఇనుము కావాలి. ఇరవై రెండేళ్లు నిండకుండా ఇద్దరు పిల్లలు పుట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయి, ఆ తర్వాత ఫ్యాక్టరీలో చేరిన మనిషికి గాదె నింపుకునే వ్యవధి ఎప్పుడు దొరికింది?

ఇక వచ్చేది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న తిండి కావాలి, మగవాళ్లకు 19 చాలు. 29 ఎందుకంటే, మన తిండిలోని ఇనుములో ఒంటికి పట్టేది పదో వంతు కూడా ఉండదు. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.65 మాత్రమే. రెండు పూటలకు 400 గ్రాముల బియ్యం వండుకుంటే అందులో వచ్చేది రెండున్నర మిల్లీగ్రాములు. దాని మీద చారు, పచ్చడి. ఎదురుగా బల్ల మీద రాశిగా ఉన్న జీడిపప్పులో మాత్రం వంద గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది కిలో ఎంతకు అమ్ముడవుతుందో ఒలిచేవాళ్లకు తెలుసు.

రక్తం పడుతుందని మన ఇళ్లలో చెప్పే పదార్థాల్లో సగం రంగును బట్టి చెప్పేవే. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం అవుతాయనుకుంటాం. వాటిలో ఇనుము అతి తక్కువ. గుడ్డు మంచి ఆహారమే గానీ ఇనుముకు దాని మీద ఆశ పెట్టుకోకూడదు, ఒక్కో గుడ్డులో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. బాగా పట్టేది మాంసం, చేపల్లోని ఇనుము. మేక కార్జం, సముద్రపు చేపలు, ఏమీ లేనప్పుడు ఎండు నెత్తళ్లు. వీటిలో ఇంకో మేలుంది. అదే కంచంలో ఉన్న ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుమును కూడా ఇవి ఎక్కువగా పట్టేలా చేస్తాయి. బారువ నుంచి భావనపాడు దాకా సముద్రం పక్కనే ఉన్న జిల్లాలో రెండు పిడికిళ్ల ఎండు చేపలు తోటకూరలో వేసి వండుకోవడం డాక్టరు రాసే టానిక్కు కంటే నయం అని నేనంటాను.

చోడి అంబలి మన ప్రాంతపు తిండి. చోళ్లలో వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుముంది, బియ్యానికి ఏడు రెట్లు. గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఆ ఇనుమును పట్టుకుని వదలదు. మొలకెత్తించినా, పిండి కలిపి రాత్రంతా పులియబెట్టినా అది కొంత విడిపోతుంది. మన ముసలమ్మలు అంబలిని పులియబెట్టింది రుచి కోసమే కావచ్చు, ఇనుముకు కూడా అదే సరైన పద్ధతి. ఇప్పుడు తొందరకు పిండి కలిపి అప్పటికప్పుడు ఉడికించి తాగేస్తున్నారు. అంబలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకోవడంతో పాటు నిమ్మచెక్క పిండుకుంటే ఇంకా మంచిది. పొయ్యి మీద నుంచి దించి చల్లారాకే పిండాలి, వేడికి అందులోని సి విటమిన్ పోతుంది.

రేషన్ బియ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక, 2024 నాటికి రేషన్‌లో ఇచ్చే బియ్యమంతా పోషకాలు కలిపినదే అయింది. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చి తయారు చేసిన గింజలు కలిపారు. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది నియమం. పైన చెప్పిన 400 గ్రాములకే 11 నుంచి 17 మిల్లీగ్రాములు అదనంగా వచ్చినట్టు. కానీ ఆ గింజలు కొంచెం తేడాగా కనబడతాయి, కడిగితే కొన్ని నీటి మీద తేలతాయి. ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసేవాళ్లు, రేషన్ బియ్యం అమ్మేసి సన్నబియ్యం కొనుక్కునేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. వాళ్లను తప్పు పట్టను. ఆ గింజేమిటో సంచి ఇచ్చిన చేత్తోనే ఎవరైనా నిలబడి చెప్పి ఉంటే ఇంత అనుమానం పుట్టేది కాదు.

ఫ్యాక్టరీ గడియారం

తిండి గురించి ఎంత చెప్పినా, అది ఎప్పుడు తింటున్నారు, దాంతో పాటు ఏం తాగుతున్నారన్నది ఫ్యాక్టరీ గంటే నిర్ణయిస్తుంది. పొద్దున్న పిల్లలకు, మొగుడికి వండిపెట్టి, తను ఒక టీ తాగి పరుగు. పదిన్నరకు మళ్లీ టీ. మధ్యాహ్నం క్యారేజీ తిన్న వెంటనే ఇంకో టీ. టీలో ఉండే టానిన్లు ఆ పూట తిన్న శాకాహారపు ఇనుములో సగానికి పైగా ఒంటికి పట్టకుండా చేస్తాయి. అన్నానికీ టీకీ మధ్య గంట ఎడం ఉంటే ఈ నష్టం బాగా తగ్గుతుంది. టీ మానమని నేను చెప్పను. ఆ పని చేసే మనిషికి మధ్యలో ఉన్న ఒక్క సుఖం అదే. టీ వచ్చే వేళను మాత్రం అన్నం గంట నుంచి జరపొచ్చు, అది ఆవిడ చేతిలో లేదు, సూపర్‌వైజర్ చేతిలో ఉంది.

మరుగుదొడ్డి కూడా రక్తం లెక్కలోకి వస్తుంది. దొడ్డి శుభ్రంగా లేకపోతే, లేచి వెళ్తే తూకం తగ్గుతుందనుకుంటే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. నెలసరి రోజుల్లో ఎంత పోతోందో గమనించుకునే వీలే ఉండదు. రెండు గంటలకోసారి ప్యాడ్ తడిసిపోవడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటిపోవడం ఎక్కువ స్రావానికి గుర్తులు. ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్, హార్మోన్ల తేడా, ఏదైనా కారణం కావచ్చు. చాలా మటుకు మందులతో అదుపులోకి వస్తుంది. మన దగ్గర మాత్రం వెంటనే వినిపించే సలహా గర్భసంచి తీయించేసుకోమని. చిన్న వయసులోనే గర్భసంచి తీసివేతలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. రక్తం తక్కువ అన్న మాటను ఆపరేషన్‌కు సాకుగా వాడుకోనివ్వకూడదు.

పొలం పనుల రోజుల్లో ఫ్యాక్టరీ మానేసి నాట్లకు వెళ్లేవాళ్లు, చెప్పులు లేకుండా తోటల్లోకి వెళ్లేవాళ్లకు కొంకి పురుగు బెడద. దాని పిల్ల అరికాలి చర్మం నుంచి దూరి, చివరికి పేగుల్లో అతుక్కుని రోజూ కాస్త కాస్త రక్తం పీలుస్తుంది. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. బళ్లో పిల్లలకు ఏటా ఇస్తారు, తల్లి దాకా అది రావడం తక్కువ.

ఇనుము కానప్పుడు

ఉద్దానం మాట ఎత్తకుండా ఈ జిల్లాలో రక్తహీనత గురించి చెప్పడం కుదరదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా వస్తోందో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఈ జబ్బుకూ రక్తానికీ సంబంధం ఇదీ: ఎర్ర కణాలు తయారు చేయమని ఎముక మూలుగకు కబురు పంపే హార్మోన్, ఎరిత్రోపోయిటిన్, కిడ్నీల్లోనే తయారవుతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఆ కబురు ఆగిపోతుంది. గాదె నిండుగా ఉన్నా వండే చెయ్యి ఆగినట్టే. అలాంటి మనిషికి ఐరన్ మాత్రలు ఎన్ని అట్టలు ఇచ్చినా తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది, ఇంకా పడిపోతుంది కూడా. కాళ్ల వాపులు రాకముందే రక్తహీనత బయటపడే వాళ్లున్నారు. అందుకే ఈ మండలాల్లో మాత్రలు సరిగా వాడినా రక్తం పెరగని ప్రతి మనిషికీ సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయాలి. ఖరీదైనవేమీ కాదు.

ఇక్కడే ఇంకో ముడి. రోజంతా వంగి కూర్చుంటే నడుం, మెడ లాగేస్తాయి. మందుల షాపులో "నొప్పి బిళ్ల" అంటే డైక్లోఫెనాకో మరోటో ఇచ్చేస్తారు. నెలల తరబడి ఖాళీ కడుపుతో వాడితే అది జీర్ణాశయం గోడను తినేసి కొంచెం కొంచెంగా రక్తం కారేలా చేస్తుంది, మరోపక్క కిడ్నీల మీదా దెబ్బ కొడుతుంది. ఒకే బిళ్ల రెండు వైపుల నుంచీ రక్తాన్ని తగ్గిస్తోందన్నమాట. రక్తం తక్కువని వచ్చిన మనిషిని మొదట అడగాల్సిన ప్రశ్న తిండి గురించి కాదు, నొప్పి బిళ్లలు ఎన్నాళ్లుగా వాడుతున్నావని.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి పనికి దిగి వచ్చే సవర, జాతాపు అమ్మాయిల విషయంలో సికిల్ సెల్ గుర్తుంచుకోవాలి. ఆ ఏజెన్సీ 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, మనుషులు పనికి వచ్చేది ఇటే. సికిల్ జబ్బులో ఎర్ర కణం కొడవలిలా వంగి, 120 రోజులు బతకాల్సింది కొన్ని రోజులకే చితికిపోతుంది. చితికిన కణంలోని ఇనుము ఒంట్లోనే ఉండిపోతుంది. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్లకు అది పేరుకుపోతుంది కూడా. పరీక్ష లేకుండా వాళ్లకు నెలల తరబడి ఐరన్ పెట్టకూడదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు గిరిజనులకు పరీక్ష ఉచితం. తలసీమియా వాహకులదీ ఇలాంటి కథే: పుట్టుకతోనే కణాలు చిన్నవి, జబ్బేమీ లేదు, జీవితాంతం 10-11 దగ్గర నిలబడి ఉంటారు, జీవితాంతం ఐరన్ మింగుతూ ఉంటారు.

వీటిలో ఏది కావచ్చో అంచనా వేయడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. సీబీపీ, అంటే రక్తకణాల పూర్తి లెక్క చెప్పే పరీక్ష, కాగితం చాలు, చదవడం వస్తే. హిమోగ్లోబిన్ తర్వాత చూడాల్సింది ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం. 80 నుంచి 100 మధ్య ఉండాలి. 80 కంటే తక్కువైతే ఇనుము లోపం లేదా తలసీమియా లక్షణం. ఈ రెంటినీ అనుమానించడానికి ఒక చిన్న భాగహారం ఉంది: ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించండి. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా వైపు, ఎక్కువ వస్తే ఇనుము వైపు మొగ్గు. నిర్ధారణకు వేరే పరీక్ష కావాలి. 100 దాటితే ఎక్కువగా బి12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం. నీచు ముట్టని ఇళ్లలో, నీచు కొనలేని ఇళ్లలో కూడా బి12 లోపం తరచూ ఉంటుంది, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కడం దానికి గుర్తు. హిమోగ్లోబిన్ తక్కువుండి ఎంసీవీ మామూలుగా ఉంటే కిడ్నీలు చూడాలి. లేదా ఇనుము, బి12 రెండూ తక్కువై ఒకదాన్నొకటి కప్పేసి ఉండాలి. అప్పుడు కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ అనే అంకె ఎక్కువ కనబడుతుంది.

మాత్ర ఎందుకు పనిచేయలేదు

ఇనుము లోపమే అని తేలాక కూడా మాత్ర ఓడిపోయే చోట్లు చాలా ఉన్నాయి. టీతో వేసుకోవడం ఒకటి. పాలతో వేసుకోవడం ఇంకొకటి, బలం కదా అని. మలం నల్లగా వచ్చిందని భయపడి మానేయడం, "వేడి చేస్తుంది" అని మానేయడం, గర్భిణి అయితే బిడ్డ నల్లగా పుడతాడని పెద్దవాళ్లు మాన్పించడం. మలం నల్లబడటం మాత్ర ఒంట్లోకి వెళ్లిందన్న గుర్తే తప్ప ప్రమాదం కాదు. వికారం, మలబద్ధకం మాత్రం నిజమైన ఇబ్బందులు. ఖాళీ కడుపుతో నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్న కాసేపటికి వేసుకుని పడుకోవడం అసలు మానేయడం కంటే ఎంతో మేలు.

రోజూ వేసుకోలేని వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. ఒక డోసు ఐరన్ లోపలికి వెళ్లగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి, దాదాపు ఒక రోజంతా పేగుల తలుపు సగం మూసేస్తుంది. మర్నాడు వేసుకున్న మాత్రలో పట్టేది తగ్గుతుంది, మిగిలింది కడుపును బాధపెడుతుంది. నిల్వలు తగ్గిన యువతుల మీద స్విట్జర్లాండ్‌లో చేసిన అధ్యయనాల్లో రోజు విడిచి రోజు ఇస్తే ఒక్కో మాత్రలో పట్టే వంతు పెరిగిందని 2017లో తేల్చారు. తీవ్రమైన రక్తహీనతకూ గర్భిణులకూ మాత్రం డాక్టరు రాసినట్టే. కాన్పు దగ్గరపడినవాళ్లకు, మాత్ర అస్సలు పడనివాళ్లకు నరంలోకి ఎక్కించే ఐరన్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ పెడుతున్నారు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, కళ్లు తిరగడం తగ్గగానే ఆపేయడం. సరిగా వాడితే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింటు పెరగాలి, చాలామందికి ఇంకా ఎక్కువే పెరుగుతుంది. రెండు మూడు నెలల్లో 12కు వస్తుంది. అప్పటికి కుండ నిండింది, గాదె ఇంకా ఖాళీయే. దాన్ని నింపడానికి మరో మూడు నెలలు వాడాలి.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్‌లో బళ్లో ఆడపిల్లలకు నీలం మాత్ర ఉంది, గర్భిణికి, బాలింతకు చెరో 180 రోజుల మాత్రలున్నాయి. పెద్దాడవాళ్లకు వారానికో ఎర్ర మాత్ర కాగితం మీద ఉంది. ముప్పై ఐదేళ్ల ఫ్యాక్టరీ మనిషి బడి దాటింది, కాన్పులు దాటింది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే పగటి వేళ ఆవిడ ఇంట్లో ఉండదు. ఆవిడ ఉండే చోటికే మాత్ర రావాలంటే ఫ్యాక్టరీ గేటు తెరవాలి.

గేటు లోపల ఉండాల్సిన హక్కులు కొత్తవేమీ కాదు. తాగునీరు, మరుగుదొడ్లు, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచి ఉన్న మాటలే. పది మంది పనిచేసే చోట, నెలకు 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, వర్తిస్తుంది. కార్మికురాలి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కిలో లెక్కన కూలి తీసుకున్నంత మాత్రాన ఈఎస్ఐ పోదు. పేరు మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఉంటే సీబీపీ, ఫెరిటిన్, క్రియాటినిన్ పరీక్షలు, వాడే మందులు అన్నీ ఆ కార్డు మీదే అడగొచ్చు. ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా ఉంటే, జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం వస్తుంది. చిక్కల్లా ఆ మస్టర్ దగ్గరే. చిన్న యూనిట్లలో సగం పేర్లు అందులో ఉండవు.

క్యాంపు పెట్టేవాళ్లకు, అది యజమానుల సంఘమైనా, లయన్స్ క్లబ్బయినా, ఒక్క మాట. ఒక రోజు క్యాంపుకు పెట్టే ఖర్చును రెండు రోజులకు పంచండి. మొదటి రోజు వేలు గుచ్చి చూసి, తక్కువున్నవాళ్లకు మాత్రలతో పాటు ఆల్బెండజోల్ ఇచ్చి, టీ ఎప్పుడు తాగకూడదో చెప్పి, కాగితం మీద పేరు, అంకె రాసుకోండి. సరిగ్గా నెలకు, కూలి ఇచ్చే రోజున, అదే బల్ల దగ్గర వాళ్లందరికీ మళ్లీ చూడండి. ఒక పాయింటు పెరిగినవాళ్లకు మరో అట్ట. మాత్రలు వేసుకున్నా పెరగనివాళ్లకు ఇంకో అట్ట ఇవ్వకండి, వాళ్లకు సీబీపీ, క్రియాటినిన్ రాయండి.